మోకాళ్ళ మీద దిండు

బొంబాయి,
3–11–1963

హయాత్ బావకి జాన్ బాషా సలాం.

ముందు అక్క ఎలా ఉందో రాయి. తర్వాత తీరిగ్గా నీ గొప్పలు రాసుకో.

మూడో విమానం కూడా తెచ్చి అప్పజెప్పాను బావా. అమెరికాలో ఎక్కి, సముద్రం దాటి, ఎన్నో దేశాల్లో దిగి ఎక్కి, మూడు వారాలకి బొంబాయి చేరాను. ఇవన్నీ మన పత్తి చేల మీదా మిరప తోటల మీదా మందు చల్లడానికి కొంటున్న చిన్న విమానాలు. ఒక్క మనిషే పడతాడు. చేను మీద చక్కర్లు కొట్టడానికి చేసినదాన్ని సముద్రం దాటించడమంటే జట్కా బండిని మద్రాసు మెయిలు పట్టాల మీద తోలినట్టే. ఓడలో వేసి పంపకూడదా అంటావు. విప్పి పెట్టెల్లో పెట్టి మళ్ళీ బిగించేసరికి ఇక్కడ పంట అయిపోతుందట. మనిషిని ఎక్కించి తోలేస్తే పని తొందరగా అయిపోతుందట.

దిగిన రోజే మేనేజరుని అడిగాను, వారం రోజులు మా ఊరు వెళ్ళొస్తానని. ఆయన తల కూడా ఎత్తలేదు. "నాలుగోది సిద్ధంగా ఉంది, పదిహేనో తారీఖున బయలుదేరు" అన్నాడు. ఆరు విమానాలు తెస్తానని ఆనాడు సంబరంగా సంతకం పెట్టాను కదా, ఆ ఆరూ అయ్యేదాకా నా లైసెన్సు వాళ్ళ బీరువాలోనే. ఎక్కేటప్పుడు ఇస్తారు, దిగగానే లాక్కుంటారు. మధ్యలో మానేస్తే అది మళ్ళీ నా చేతికి రాదు. యుద్ధంలో రెంచీ పట్టుకున్న దూదేకులవాడు పైలట్టు అవుతాడా అని నవ్వినవాళ్ళున్నారు చూడు, వాళ్ళ ముందే మళ్ళీ రెంచీ పట్టుకోవాలి.

ఒక సాయం చెయ్యి. ఈ విమానాల్లో కాలు చాపే చోటు ఉండదు. వెనక పెట్రోలు, పక్కన పెట్రోలు, మందు పోసే తొట్టిలో కూడా పెట్రోలే. తలుపుకి అడ్డంగా ట్యాంకు బిగిస్తారు. ఒకసారి కూర్చున్నానంటే, దిగాక ఎవరో వచ్చి ఆ ట్యాంకు విప్పితేనే బయటపడేది. పత్తి బోరెంలో మనిషిని కూడా తొక్కి మూతి కుట్టేసినట్టుంటుంది. ముందున్న పలకకి కొట్టుకుని మోకాలి చిప్పలు వాచిపోయాయి. అక్కతో చెప్పి మోకాళ్ళ మీద పెట్టుకోవడానికి ఒక చిన్న దిండు కుట్టించి పంపు. గింజల పత్తి అంటగట్టావో, ఊరుకోను.

ఈసారి నాకు తోడుగా ఇంకో విమానం వస్తుంది. నడిపేవాడు మన పొన్నూరువాడే, ఇమ్మానియేలు. సముద్రం మీద తెలుగులో తిట్టుకోవడానికి ఒకడు దొరికాడు.

అక్కకి నా సలాములు. ఎర్ర ఎద్దుక్కూడా.

నీ
జాన్ బాషా


వేటపాలెం,
8–11–1963

ఒరేయ్ బావమరిదీ,

గింజల పత్తి అంటగడతానా నేను? ఈ చుట్టుపక్కల ఏ పెళ్ళికి పరుపు కావాలన్నా నా విల్లు టంయ్‌మనాల్సిందే. నీ పాడు చిప్పల కోసం చిలకలూరిపేట నుంచి పత్తి తెప్పించి మూడుసార్లు ఏకాను. ఊదితే ఇంట్లో అంతటా తేలింది. మీ అక్క పప్పులో కూడా పడిందని తిట్లు తిన్నాను. ఈ ఇంటికి ఇల్లరికం వచ్చినప్పటి నుంచి నీ వంతు తిట్లు కూడా నేనే తింటున్నాననుకో, అది వేరే సంగతి. మీ తాత కట్టిన గుమ్మం ఇప్పటికీ నా నుదుటికి తగులుతూనే ఉంది. జట్కా గుర్రం నాడా తెచ్చి దానిపైన కొట్టేంత శ్రద్ధ ఉన్నవాడు, కాస్త ఎత్తు పెట్టించి ఉంటే ఆయన సొమ్మేం పోయేది?

దూది ఏకింది నేనే గాని కుట్టు మాత్రం మీ అక్కది. నన్ను సూది ముట్టుకోనివ్వలేదు. పగలంతా కంపెనీలో జీడిపిక్కలు కొట్టి వచ్చి, ఆ నల్లబడ్డ వేళ్ళతోనే కుట్టింది. ఒక మూల బొటనవేలి మచ్చ పడింది. జీడిసొన మచ్చ, నువ్వెరుగుదువుగా, ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. వేరే గుడ్డ వేద్దామన్నాను. "ఉండనీ, వాడికి నా గుర్తు" అంది. చివరి మూల మూసే ముందు నన్ను బయటికి పొమ్మంది. ఏదో చదివి ఊదుకుంటుంది కాబోలని నేను వెళ్ళి ఎద్దుకి మేత వేశాను.

నీ సలాం దానికి అందజేశాను. ముసలిదైంది గాని దాని తెలివి నీకూ లేదు, నాకూ లేదు. మొన్న పర్చూరులో పరుపులు ఏకి వస్తూ బండిలో ఒళ్ళు తెలియకుండా పడుకున్నాను. కళ్ళు తెరిచేసరికి మన గుమ్మం ముందు నిలబడి తోక ఊపుతోంది. మీ అక్క దాని మొహం నిమిరి, "నీ తెలివిలో సగం మా తమ్ముడికుంటే ఎప్పుడో ఇంటికొచ్చి పడేవాడే" అంది. నాడా ఒకటి ఊడిపోయింది, కొట్టించాలి.

ఇంతకీ ఒక మాట అడుగుతాను, నవ్వకు. సముద్రం మీద బాట ఉండదు, మైలురాయి ఉండదు, అడుగుదామంటే మనిషుండడు. దారి ఎలా తెలుస్తుందిరా మీకు? మీ అక్క రోజూ నన్నడుగుతోంది. నాకేం తెలుసు, నా మొహం! వివరంగా రాయి, చదివి వినిపిస్తాను.

దిండు ఇవాళే రిజిస్టరు పార్సిలు చేశాను.

దీవిస్తూ,
హయాత్


పెన్సిల్వేనియా,
29–11–1963

బావా,

దిండు బొంబాయిలోనే అందింది. విప్పగానే ఆ నల్ల మచ్చ కనిపించింది. చెప్పుకుంటే సిగ్గుచేటు, ఆఫీసులో అందరి ముందూ కళ్ళు తుడుచుకున్నాను.

ఇక్కడ చలి చెప్పనలవి కాదు. దిండు మోకాళ్ళ మీద పెట్టుకుని విమానంలో కూర్చుని చూశాను. ప్రాణం లేచొచ్చింది. ఇమ్మానియేలు కన్ను అప్పుడే దానిమీద పడింది. "మీ అక్క నాకూ అక్కే కదరా, ఒక పూట ఇవ్వు" అంటాడు. వాడు నాకంటే జానెడు పొడుగు. వాడి మోకాళ్ళు చూస్తే జాలేస్తుంది.

దారి సంగతి అడిగావు. అక్కకి నెమ్మదిగా వినిపించు. కూర్చున్నవాడి మోకాళ్ళ ముందే చిన్న గిన్నెలాంటిది బిగించి ఉంటుంది. దాన్ని కంపాసు అంటారు. అందులో సూది ఎప్పుడూ ఉత్తరం వైపే చూస్తుంది. అదొక్కటే మాకు బాట, మైలురాయి, మనిషి. గాండర్ అని చలిదేశపు ఊరొకటుంది. అక్కడ లేస్తే మళ్ళీ నేల కనిపించేది నడిసముద్రంలో శాంతా మారియా అనే దీవి దగ్గరే. దీవంటే ఎంతనుకున్నావు? చీరాల నుంచి బాపట్ల ఎంతో అంత. పగలంతా ఆ సూదిని నమ్ముకుని పోతే సాయంత్రానికి ఆ ముక్క కనిపించాలి. సూది కాస్త పక్కకి చూపిస్తే లేచినప్పుడు ఏమీ తెలియదు. చివరికి వచ్చేసరికి దీవి వంద మైళ్ళ అవతల ఉంటుంది, మనం నీళ్ళ మీద ఉంటాం.

సగం దాటాక ఒక వేళ వస్తుంది బావా. అందాకా భయమేస్తే వెనక్కి తిరగొచ్చు. అది దాటితే, వెనక్కి తిరిగినా ఒడ్డు చేరేంత పెట్రోలు ఉండదు. ఇక చేసేదేమీ లేదు, కూర్చోవడమే.

ఆ సూదికి పడనిది ఒక్కటే, ఇనుము. దగ్గరికి ఇనుపముక్క వస్తే ఉత్తరం సంగతి మర్చిపోయి దానివైపు తిరుగుతుంది. పోయిన ఏడు ఒక డచ్చివాడు కంపాసు కింద రెంచీ మర్చిపోయి, దీవి తప్పి సముద్రంలో పడ్డాడు. ఏదో ఓడ కంటబడ్డాడు గనక బతికి చెప్పాడు. అప్పటి నుంచి నేను బెల్టు కూడా విప్పేసి లాగుకి తాడు కట్టుకుంటున్నాను. నీ బావమరిది దొరలా ఎగురుతున్నాడని ఊళ్ళో చెప్పుకో, తాడు సంగతి మాత్రం చెప్పకు.

వచ్చే నెల పన్నెండు, పదమూడు ప్రాంతంలో గాండర్‌లో లేస్తాం.

మీ
జాన్ బాషా


వేటపాలెం,
11–12–1963

జాన్ బాషా,

ఇది అందగానే, ఇంకో ముక్క చదవకుండా, దిండు విప్పు. అందులో ఇనుము ఉంది.

నిన్న నీ ఉత్తరం వచ్చింది. మీ అక్క చేటలో బియ్యం పోసుకుని రాళ్ళేరుతూ వింటోంది. నేను తాడు సంగతికి నవ్వుకుంటూ చదువుతున్నాను. తలెత్తి చూసేసరికి చేట బోర్లాపడి ఉంది. మనిషి గోడకి ఆనుకుని, "నాడా పెట్టాను, నాడా పెట్టాను" అంటోంది. ఎక్కడ పెట్టావే అంటే, దిండులో. చివరి మూల మూసే ముందు దూది మధ్యలో పెట్టి కుట్టేసిందట. నీకు ఏ గాలీ సోకకూడదని, క్షేమంగా ఇంటికి రావాలని. ఇంకేదో అడగబోతే తిప్పి తిప్పి అదే మాట అంది. నేనూ మళ్ళీ అడగలేదు.

చెప్పులు కూడా వేసుకోకుండా తంతి ఆఫీసుకి పరిగెత్తాను. "దిండులో ఇనుము, వెంటనే తీసెయ్" అని ఇంగ్లీషులో కొట్టమన్నాను. ఆ గుమాస్తా నన్ను ఎగాదిగా చూశాడు. "ఇనుమంటే దొంగబంగారానికి మారుమాటేనా? విదేశానికి ఇలాంటి మాటలు పంపకూడదు, పై ఆఫీసరు రావాలి" అన్నాడు. ఓరి నీ బంగారం తగలెయ్య! కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆఫీసరు రేపు వస్తాడట. రేపు తలుపు తీసేసరికి నేను ఆ గుమ్మంలోనే ఉంటాను.

ఈ ఉత్తరం రెండుగా రాశాను, ఒకటి గాండర్‌కి, ఒకటి ఆ దీవికి. నీకంటే ముందు ఇది ఎలా వెళుతుందిరా! తెలిసీ రాస్తున్నాను. ఊరికే కూర్చోలేక రాస్తున్నాను. మీ అక్క నిన్నటి నుంచి అన్నం ముట్టలేదు.

దిండు విప్పు నాయనా.

హయాత్


శాంతా మారియా దీవి,
15–12–1963

బావా,

నేను క్షేమం. ఇమ్మానియేలు రాలేదు.

మొన్న తెల్లవారుతూనే ఇద్దరం లేచాం. నేను ముందు, వాడు నా కుడిచేతి వెనక. వాణ్ణి చూస్తూ సగం దాకా వచ్చాను. రేడియోలో "మీ అక్క దిండు భలే ఉందిరా, ఇంక తిరిగి ఇవ్వను" అన్నాడు. అవును, లేచేముందు దిండు వాడికిచ్చాను. పాపం, వాడి మోకాళ్ళ చర్మం ఊడి నెత్తురు కారుతోంది. అక్క ఏమీ అనుకోదని నాకు తెలుసు.

సగం దాటాక మబ్బు పట్టింది. తెల్లగా, గోడలా. నేను కిందికి దిగాను, వాడు పైకి పోయాడు. మళ్ళీ కనబడలేదు. గొంతు మాత్రం వినిపించింది. సాయంత్రానికి నాకు దీవి దీపాలు కనిపించాయి. "నీకు కనబడుతున్నాయా?" అన్నాను. "సూది ప్రకారమే వచ్చాను, ఇక్కడ నీళ్ళు తప్ప ఏమీ లేవు" అన్నాడు. "ఏ దిక్కున ఉన్నావురా" అంటే, "అదే కదా నేను నిన్నడుగుతున్నాను" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు బావా. తర్వాత గొంతు సన్నబడిపోయింది.

వెనక్కి వెళ్ళి వెతకడానికి నా దగ్గర పెట్రోలు లేదు. దిగాను. ఎవరో వచ్చి ట్యాంకు విప్పేదాకా ఆ గూట్లోనే కూర్చుని వాణ్ణి పిలుస్తూనే ఉన్నాను. మర్నాడు పెద్ద విమానం వెళ్ళి వెతికింది. ఇవాళ కూడా వెతుకుతోంది. వాడు నాకంటే మంచి పైలట్టు. ముందు నడిచినవాణ్ణి నేను. మబ్బులో వాణ్ణి వదిలేసింది నేనే.

కంపెనీవాళ్ళు పొన్నూరికి తంతి ఇస్తామన్నారు. తంతి చదివి చెప్పేవాళ్ళు ఆ ఇంట్లో ఉన్నారో లేరో. వాళ్ళమ్మ ఒక్కతే, పేరు మార్తమ్మ, చర్చి వెనక వీధి. నువ్వొకసారి వెళ్ళు బావా. నా తరఫున ఆవిడ కాళ్ళు పట్టుకో.

జాన్ బాషా


శాంతా మారియా,
27–12–1963

బావా,

పదకొండో తారీఖు ఉత్తరం ఇవాళ అందింది. తంతి గాండర్ చేరేసరికి మేం లేచి గంటయిందట, అది కూడా ఇవాళే తెలిసింది.

చదివాను. మళ్ళీ మళ్ళీ చదివాను.

ఇన్నాళ్ళూ వాణ్ణి మబ్బులో వదిలేశానని ఏడ్చాను. ఇప్పుడు ఏడుపు కూడా రావడం లేదు. ఆ దిండు నా చేత్తోనే వాడి మోకాళ్ళ మీద పెట్టి, "జాగ్రత్త, మా అక్కది" అన్నాను.

వెతకడం ఆపేశారు.

అక్కకి ఏం చెప్పావు? ఇంకా ఏమీ చెప్పకపోతే, చెప్పకు. నేనేం రాయాలో నువ్వే చెప్పు, అలాగే రాస్తాను. రేపో ఎల్లుండో ఇక్కడి నుంచి లేస్తాను. ఎక్కనని చెప్పి చూశాను. విమానాన్ని దీవిలో వదిలేసి వస్తే లైసెన్సు సంగతి మర్చిపొమ్మని తంతి కొట్టారు. ఇంకో దారిన వెళ్ళడానికి నా దగ్గర టిక్కెట్టు డబ్బులు కూడా లేవు. మళ్ళీ ఆ గూట్లోనే కూర్చోవాలి.

జాన్ బాషా


వేటపాలెం,
8–1–1964

నాయనా జాన్ బాషా,

రెండు ఉత్తరాలూ అందాయి. ఇది బొంబాయికి రాస్తున్నాను, నువ్వు క్షేమంగా దిగి చదువుకోవాలి.

మొదటి ఉత్తరం వచ్చిన రోజు మీ అక్క కంపెనీ నుంచి పరిగెత్తుకొచ్చింది, పోస్టుమాను దారిలో చెప్పాడట. "నేను క్షేమం" దాకా చదివాను. అంతే, నేలమీద కూలబడి ఏడ్చి, లేచి, పొయ్యి వెలిగించింది. పచ్చడి మెతుకులు కలుపుకుని నా కళ్ళముందే తిన్నది. అన్నాళ్ళకి మనిషి తింటుంటే మిగతాది ఎలా చదవనురా? ఇమ్మానియేలు దారి తప్పాడని మాత్రం చెప్పాను. ముద్ద నోటి దగ్గరే ఆపి ఒక్కటే అడిగింది, "దిండు ఎవరి దగ్గరుంది?" అని.

"మీ తమ్ముడి మోకాళ్ళ మీదే. ఏం కాలేదు" అన్నాను.

నోరు జారినట్టు జారిపోయింది ఆ మాట. ఇప్పుడు దాన్ని వెనక్కి తీసుకునే దారి లేదు. నువ్వు రాశావే, సగం దాటాక వచ్చే వేళ, అది నాకు అన్నం పళ్ళెం దగ్గర వచ్చింది.

పొన్నూరు వెళ్ళాను. మార్తమ్మగారు పొట్టిగా, గట్టిగా ఉన్న మనిషి. తంతి పాస్టరుగారు చదివి చెప్పారట. నేను కాళ్ళు పట్టుకోబోతే లేవనెత్తింది. "ఎందుకయ్యా, మీవాడు మాత్రం ఏం చేస్తాడు? నా కొడుకు ఈతగాడు. ఏ లంకలోనో ఎక్కి కూర్చుని ఉంటాడు" అంది. తర్వాత లోపలికి వెళ్ళి కొడుకు రాసిన ఆఖరి ఉత్తరం తెచ్చి, చదవమని నా చేతికిచ్చింది. అందులో ఏముందో తెలుసా? జాన్ బాషా వాళ్ళక్క మంచి దిండు కుట్టి పంపింది, సముద్రం దాటే రోజు దాన్ని నాకిస్తానన్నాడు అని. నేను చదవడం ఆపితే ఆవిడే అందుకుంది. "ఆ తల్లి ఎవరో, చల్లగా ఉండాలి. నా బిడ్డ కాళ్ళు కాచింది" అని ఒక జాడీ ఉసిరికాయ పచ్చడి ఇచ్చింది, మీ అక్కకిమ్మని.

నేను పరుపులు ఏకేవాణ్ణని తెలిసి ఇంకొకటి అడిగింది. "నడుం విరిగేలా వస్తాడు నాయనా. మంచి పరుపొకటి కుట్టిపెట్టు. పొడుగ్గా కుట్టు, వాడికి కాళ్ళు బయటికొస్తాయి" అంది. విల్లు తీసుకుని మళ్ళీ వెళ్ళి ఆవిడ వాకిట్లో కూర్చుని ఏకాను. ఆవిడ గుమ్మంలో కూర్చుని, "ఇంకా మెత్తగా, ఇంకా మెత్తగా" అంటోంది. నా జన్మలో అంత బరువు దూది ఏకలేదురా.

పచ్చడి జాడీ తెచ్చి ఇస్తే మీ అక్క "నాకెందుకిచ్చింది?" అంది. ఊరికే, మంచావిడ అన్నాను. నమ్మినట్టే ఉంది. ఒక్కొక్కసారి నమ్మనట్టూ ఉంది.

నువ్వు చెయ్యాల్సిందొక్కటే. దిండు నీ దగ్గరే ఉన్నట్టు రాయి. నాడా చూసుకుని ముందే తీసేశానని రాయి. ఇమ్మానియేలు గురించి నిన్ను నువ్వు తిట్టుకోకు. తెలియక నువ్విచ్చావు, తెలియక ఆవిడ పెట్టింది, దారెలా తెలుస్తుందిరా అని తెలియక నేనడిగాను. అడక్కుండా ఉన్నా బాగుండేది, ఇంకాస్త ముందు అడిగినా బాగుండేది.

హయాత్


బొంబాయి,
9–2–1964

బావకి సలాం. ఇది అక్కకి చదివి వినిపించు.

అక్కా, నేను క్షేమంగా బొంబాయి చేరాను. నీ దిండు నా మోకాళ్ళ మీదే ఉంది. బావ నీకు చెప్పే ఉంటాడు. అమెరికాలోనే ఒకరోజు దాన్ని పెట్టుకుని కూర్చుంటే మధ్యలో ఏదో గట్టిగా తగిలింది. మూల విప్పి చూస్తే నాడా! నవ్వొచ్చింది. తాత జట్కా గుర్రం నాడా కదూ? గుమ్మం మీద నుంచి ఊడదీసి పెట్టావు కదూ? చూడగానే గుర్తుపట్టాను. తీసి పెట్టెలో పడేసి మళ్ళీ కుట్టేసుకున్నాను. నా కుట్టు నీ కుట్టులా రాలేదు, వంకరటింకరగా ఉంది. ఉత్తరంలో కంపాసు సంగతి రాసేటప్పటికే అది దిండులో లేదు. నీకు అప్పుడే రాయనందుకు బుద్ధి తక్కువ నాది. ఊరికే భయపడ్డావు.

నీకు నమ్మకం కలగాలని ఆ నాడా పార్సిల్లో పంపిస్తున్నాను. తాత నాడా ఎక్కడిదక్కడ కొట్టించు. ఇల్లు బోసిగా ఉండకూడదు.

ఇమ్మానియేలు మబ్బుల్లో దారి తప్పాడు. సముద్రం మీద అలా జరుగుతూనే ఉంటుంది. అందులో ఎవరి తప్పూ లేదు.

ఇంకా రెండు విమానాలున్నాయి. అవి తెచ్చాక లైసెన్సు ఇచ్చేస్తారు, ఇంటికొస్తాను. నేను ఇప్పుడు తెచ్చింది మీ వైపే పంపిస్తారట, మిరప తోటల మీద మందు చల్లి చూపించడానికి. పసుపుపచ్చ రంగు. కనిపిస్తే నన్ను చూసినట్టే అనుకో.

నీ తమ్ముడు
జాన్ బాషా


వేటపాలెం,
1–3–1964

జాన్ బాషా,

ఈ ఉత్తరం నీకొక్కడికే. మీ అక్క జీడిపిక్కలకి వెళ్ళింది.

పార్సిలు వచ్చిన రోజు నాకు పండగే అనుకో. ఆవిణ్ణి కూర్చోబెట్టి నీ ఉత్తరం రాగం తీసి చదివాను. నాడా తీసి ఒళ్ళో వేశాను. "చూశావా, నువ్వూ నీ భయం!" అన్నాను. మీ అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. నువ్వెక్కడ సంపాదించావో గాని పెద్దది, బరువుది, దొరల గుర్రాలు ఎంతెంత ఉంటాయో నాకేం తెలుసు. తర్వాత తలెత్తి గుమ్మం పైకి చూసింది. ఎక్కువసేపు కాదు. మళ్ళీ నాడా వైపు చూసి, "ఇదే" అంది. "ఇదేనండీ. వాడు తీసేశాడు, మంచి పని చేశాడు" అంది.

నేను సంతోషంగా బయటికొస్తూ నుదురు కొట్టుకున్నాను, అలవాటేగా. అప్పుడు తలెత్తి చూశాను. మీ తాత జట్కా గుర్రం నాడా గుమ్మం మీద ఎక్కడిదక్కడే ఉందిరా. చీలల మీది తుప్పు కూడా కదల్లేదు. రోజూ దాని కింద తల వంచుకుని పోయేవాణ్ణి, ఒక్కనాడు పైకి చూడలేదు.

కొట్టంలోకి వెళ్ళి ఎర్ర ఎద్దు కాలెత్తి చూశాను. ఎద్దు డెక్క చీలి ఉంటుంది కదా, నాడా గుర్రానికిలా గుండ్రంగా ఒకటి ఉండదు, అరచేతిలో సగమంత బద్దలు రెండు కొడతారు. కుడి ముందుకాలికి ఒక బద్ద కొత్తది, కార్తీకంలో నేను కొట్టించింది. దాని పాతది మీ అక్క ఏరి దాచిందన్నమాట. నేను నిద్రపోయినా ఇంటికి తెచ్చే కాలు కదా. దారి తెలిసిన కాలి ఇనుము దగ్గరుంటే తమ్ముడు దారి తప్పడనుకుంది పిచ్చిది.

నువ్వు ఉత్తరం ముక్క ఒక్కటి రాసి ఊరుకుంటే నమ్మేసేదిరా. నేను చెప్పినదానికి నువ్వు ఇంకాస్త కలిపావు. నన్ను అడిగి ఉంటే నేనూ గుర్రం నాడా అనే చెప్పి ఉండేవాణ్ణి, నాకూ తెలియదుగా. నీ తప్పేం లేదు.

ఆవిడకి తెలుసు. ఆవిడకి తెలుసని నాకు తెలుసు. ఇద్దరం ఒకే పళ్ళెం దగ్గర కూర్చుంటాం, ఆవిడ "తమ్ముడి మోకాళ్ళు ఎలా ఉన్నాయో" అంటుంది, నేను "దిండుందిగా" అంటాను. ఆ ఉసిరికాయ పచ్చడి జాడీ మూత ఇంతవరకు తియ్యలేదు. మొన్న ఉన్నట్టుండి, పొన్నూరు పరుపుకి గలీబు తనే కుడతానంది. నేను నోరెత్తేలోగా బస్సెక్కి వెళ్ళిపోయింది. సాయంత్రం తిరిగొచ్చింది. అక్కడ ఏం మాట్లాడుకున్నారో, ఏం చెప్పిందో, చెప్పలేదో, నేను అడగలేదు. గలీబు మూల మీద మాత్రం నల్లగా మచ్చ పడిందట. "తుడవబోతే ఆవిడ వద్దంది" అంది. అంతే.

నీ పసుపుపచ్చ విమానం కూడా వచ్చింది. ఊరు ఊరంతా మిరప తోటల గట్ల మీదే ఉన్నారు, ఈలలు, కేకలు. నలుగురూ వచ్చి "మీ బావమరిది తెచ్చిన విమానమట కదా" అని నా భుజం తట్టారు. మీ అక్క ఆ మోత వినగానే ఇంట్లోకి పోయి తలుపేసుకుంది. మందు చల్లడం అయ్యేదాకా అది మా ఇంటి మీదుగా తిరుగుతూనే ఉంది. నేను బయట తలుపు పట్టుకుని నిలబడ్డాను.

నువ్వు పంపిన నాడా గుమ్మానికి కొట్టమంది. తాత నాడా కనబడదా అని అడిగి ఉండొచ్చు నేను. అడగలేదు. సుత్తి తెచ్చి దాని పక్కనే కొట్టాను. ఆవిడే స్టూలు పట్టుకుంది. ఇప్పుడు మన గుమ్మానికి రెండు గుర్రం నాడాలున్నాయి. లోపలికి పోవాలన్నా బయటికి రావాలన్నా ఇద్దరం వాటి కిందనుంచే పోవాలి.

ఆ రెండు విమానాలూ తెచ్చెయ్యి. వచ్చే ముందు రాయి. చదివి వినిపించేలా రాయి, దిండు మోకాళ్ళ మీదే ఉందని మర్చిపోకుండా రాయి. నువ్వు వచ్చిన రోజు ఆవిడ దిండేదని అడగదు. అది నాకు తెలుసు. అడిగితే బాగుండునని ఉంది.

హయాత్